జీవితకాలపు ఫాలో-అప్: ఎనిమిదేళ్ల తరువాత రెండవ సమీక్ష

బరువు తగ్గే ఆపరేషన్ మీద కనిపించే సమీక్షల్లో ఎక్కువ భాగం ఆపరేషన్ జరిగిన ఆరు నెలలకో, ఏడాదికో రాసినవే. ఆ రోజుల్లో నెలనెలా కిలోలకు కిలోలు తగ్గుతూ ఉంటాయి, పాత బట్టలు వదులవుతూ ఉంటాయి, ఎదురుపడిన ప్రతివారూ నోరు తెరిచి చూస్తూ ఉంటారు. అటువంటప్పుడు రాసే మాటల్లో కృతజ్ఞత తప్ప మరొకటి ఉండదు. నేను కూడా 2018లో అటువంటిదే ఒకటి రాసి, ఐదుకు ఐదు నక్షత్రాలు ఇచ్చాను. దానిని తీసివేయలేదు. అందులో రాసినదేదీ అబద్ధం కాదు. అయితే అప్పటికి నేను చూసినది మొదటి ఏడాదిని మాత్రమే. 2017 వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్న నేను, ఎనిమిదేళ్లు దాటిన తరువాత, ఆ ఆపరేషన్‌నూ దానితో పాటు నాకు అమ్మిన సేవనూ విడివిడిగా తూచి రాయడం న్యాయమనుకుని ఈ రెండవ సమీక్ష రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు.

నేను నల్లగొండలో నివాసం ఉంటూ, పక్క మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఆపరేషన్ నాటికి నాకు 38 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. అంటే ఎత్తుకు తగ్గట్లు బరువు ఉందో లేదో చెప్పే లెక్క అయిన బీఎంఐ దాదాపు 48. అప్పటికి ఆరేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్లయి లేచి కూర్చునేదానిని. మా పదవ తరగతి గది మొదటి అంతస్తులో ఉండేది. మెట్లెక్కి వెళ్లి, హాజరు పట్టీ తెరిచి, ఆయాసం తీరేదాకా ఊరికే పేజీలు తిప్పుతూ నిలబడేదానిని. పిల్లలకు ఆ సంగతి తెలుసునని నాకూ తెలుసు. మన దేశంలో ఇతర జబ్బులేవీ లేకపోతే బీఎంఐ 37.5, షుగర్ వంటివి ఉంటే 32.5 దాటినవారికి ఈ ఆపరేషన్ సూచించడం అప్పట్లో పద్ధతి. ఆ లెక్కన నేను గీతకు చాలా దూరం దాటిపోయి ఉన్నాను. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఈ గీతలను ఇంకా కిందికి దించి, ఆసియా ప్రజలకు 27.5 నుంచే ఆలోచించవచ్చునని చెప్పాయి కాబట్టి, ఇకముందు మన చుట్టుపక్కల ఈ ఆపరేషన్ చేయించుకునేవారు పెరుగుతారే తప్ప తగ్గరు.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసివేసిన పై భాగంలోనే కాబట్టి, తినగలిగే పరిమాణంతో పాటు ఆకలి కూడా తగ్గుతుంది. తీసిన దానిని తిరిగి పెట్టడం ఉండదు. ఈ సంగతులన్నీ సర్జన్ గారు కాగితం మీద బొమ్మ గీసి అరగంట సేపు ఓపికగా చెప్పారు. ఆపరేషన్ విషయంలో ఆయన పనితనానికి నేను ఈనాటికీ వంక పెట్టలేను. నాలుగో రోజు ఇంటికి వచ్చాను. కుట్లు పాడవలేదు, జ్వరం రాలేదు, ఆసుపత్రి గడప దాటేటప్పటికే ఇన్సులిన్ ఆగిపోయింది.

ప్యాకేజీ 3,40,000 రూపాయలు. నా బీమా పాలసీలో ఊబకాయానికి చేసే చికిత్స మినహాయింపుల జాబితాలో ఉండటంతో పూర్తిగా చేతి నుంచే కట్టుకున్నాము. తరువాత 2019లో బీమా నియంత్రణ సంస్థ మినహాయింపుల నిబంధనలను ఒక తీరుకు తెచ్చింది. బీఎంఐ 40 దాటినా, లేదా 35 దాటి తీవ్రమైన గుండెజబ్బు, అదుపులో లేని షుగర్, తీవ్రమైన నిద్రశ్వాస సమస్య వంటివి ఉన్నా, వైద్యుడి సలహాపై చేసే ఆపరేషన్‌ను ఊబకాయం పేరు చెప్పి తోసిపుచ్చడానికి ఇప్పుడు వీలు లేదు. ఇప్పుడు వెళ్లేవారు ముందుగా పాలసీ కాగితాలు తిరగేసుకోవడం మంచిది. డబ్బు కట్టిన రోజున మా చేతికి ఇచ్చిన ఆకుపచ్చ ఫైలు అట్టమీద ‘జీవితకాల ఫాలో-అప్ ఉచితం’ అని అచ్చువేసి ఉంది. మా వారు ఆ మాట చూసి, కారు కొంటే మూడేళ్ల సర్వీసే ఇస్తారు, వీళ్లు నయం అన్నారు. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ అట్టమీద మాట గురించే.

మొదటి ఏడాది గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. రెండు వారాలు పలుచని ద్రవాలు, తరువాత మెత్తగా రుబ్బినవి, నెలన్నరకు మామూలు తిండి. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలి, ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చింది. పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు వాడమని ఇచ్చిన మాత్రలను నేను మూడో నెలలో మానేశాను. వేగంగా బరువు తగ్గేవారికి రాళ్లు ఏర్పడటం మామూలేనని చెప్పినా వినలేదు. తొమ్మిదో నెలలో ఆ రాళ్ల కోసం మరొక ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వచ్చింది. ఆ తప్పు పూర్తిగా నాది. పదహారో నెలకు బరువు 71కి దిగింది. మూడు నెలల సగటు షుగర్ 9.1 నుంచి 5.8కి వచ్చింది. ఆ ఏడాది ఆసుపత్రి డైటీషియన్ ప్రతి నెలా ఫోన్ చేసి, ఏం తింటున్నానో అడిగి రాసుకునేది. ఐదు నక్షత్రాలు పడినది ఆ రోజుల్లోనే.

తిండి సంగతి మాత్రం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానిని ఎవరూ ముందుగా చెప్పరు. రెండు ఇడ్లీలు తినడానికి నాకు ఇప్పటికీ ఇరవై నిమిషాలు పడుతుంది. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్న అరగంటకు గానీ గ్లాసు ఎత్తకూడదు. మన జొన్న రొట్టె సగం చాలు, అది కూడా పప్పులోనో పాలకూర కూరలోనో నానబెట్టి తినాలి. ఆకలి మీద ఆత్రంగా పెద్ద ముక్క మింగితే రొమ్ము ఎముక వెనుక రాయి పెట్టినట్లు అక్కడే నిలిచిపోతుంది, నోట్లో నీళ్లు ఊరుతాయి, పెరట్లోకి పరుగెత్తవలసిందే. అన్నం కన్నా ముందు గుడ్డు, పెసరపప్పు, పెరుగు, చేప తినాలి, రోజుకు కనీసం అరవై గ్రాముల మాంసకృత్తులు అందాలి అన్నది డైటీషియన్ నేర్పిన మొదటి పాఠం; ఆ పాఠం నేను ఈనాటికీ తప్పలేదు. అయితే ఈ గొట్టానికి ఒక బలహీనత ఉంది. అది మటన్ ముక్కను అడ్డుకుంటుంది గానీ మిక్చర్‌ను అడ్డుకోదు. స్టాఫ్ రూమ్‌లో చాయ్‌తో పాటు బిస్కెట్లు, దసరా సెలవుల్లో సద్దుల బతుకమ్మ సత్తుపిండి, సంక్రాంతి సకినాలు, ఐస్‌క్రీము, ఇవన్నీ నమిలేలోపే కరిగి జారిపోతాయి. కడుపు నిండిన కబురు తెలిసేలోపు నాలుగు వందల కేలరీలు దాటుతాయి. 71కి దిగిన బరువు ఇప్పుడు 82. ఆ పదకొండు కిలోలు బగారా అన్నం వల్ల వచ్చినవి కావు, మధ్యాహ్నం నాలుగు గంటల చాయ్ పక్కన కూర్చుని వచ్చినవి.

దావత్‌లలో కూర్చోవడం వేరే విద్య. మొదటి రెండేళ్లు ఆపరేషన్ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆడపడుచు ఇంట్లో పెళ్లికి వెళితే, వడ్డించే పిల్లవాడు బగారా మీద బగారా వేసి పోయాడు, నేను నాలుగు ముద్దలు తిని ఆకు మడవబోతే, పెద్దత్తమ్మ నా చేయి పట్టుకుని, “గదేంది బిడ్డా, పిట్ట తిన్నట్టు తిన్నవ్, మా ఇంటి తిండి నచ్చలేదా?” అన్నది. పక్కన కూర్చున్న ఆమె, “షుగర్ ముదిరినట్టుంది, చూడు ఎట్ల చిక్కిపోయిందో” అని నాకు వినబడేటట్లే గుసగుసలాడింది. బరువు తగ్గితే మన దగ్గర ముందుగా రోగమే గుర్తుకు వస్తుంది. ఆ రోజు నేను డైటింగ్ అని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం తరువాత నాకు ఎంత నష్టం చేసిందో చెబుతాను.

2020 చివరిలో పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. ముందు బొటనవేళ్లు, తరువాత అరికాళ్లు. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బ్లాక్ బోర్డు మీద రాస్తూ రాస్తూ చాక్‌పీసు పట్టు తప్పేది. నల్లగొండలో ఒక డాక్టరు గారికి చూపించాను. పాత షుగర్ రోగిని కాబట్టి నరాలు దెబ్బతిన్నాయని చెప్పి, నరాల నొప్పి మాత్రలు రాసి ఇచ్చారు. ఆపరేషన్ మాట నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆరు నెలలు ఆ మాత్రలు మింగి, పగలంతా తూగుతూ పాఠాలు చెప్పాను. జీర్ణాశయం గోడ నుంచి ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం లేకపోతే బీ12 విటమిన్ శరీరానికి అందదని కాలేజీ రోజుల్లో చదువుకున్నదానిని, ఏటా జూన్‌లో పోషణ పాఠం చెబుతూ జీర్ణాశయం బొమ్మ బోర్డు మీద గీసేదానిని, నా జీర్ణాశయంలో మూడు వంతులు తీసివేశారన్న సంగతిని నా పాదాలతో కలిపి చూసుకోలేకపోయాను.

ఆసుపత్రికి ఫోన్ చేసినది అప్పుడే. ఫైలు మీద ఉన్న నంబరు పనిచేయడం లేదు. రిసెప్షన్ ద్వారా ముగ్గురి చేతులు మారి, కోఆర్డినేటర్ అనే ఒక అమ్మాయి మాట్లాడింది. పాత డైటీషియన్ మానేసిందట. పాదాల సంగతి చెప్పబోయే లోపే ఆమె, “మేడం, మీ కరెంట్ వెయిట్ ఎంత?” అని అడిగింది. అప్పటికి 76. “అయితే ఐదు కిలోలు రీగెయిన్ అయ్యారు మేడం. రివిజన్ సర్జరీకి ఇప్పుడు ఆఫర్ నడుస్తోంది, సర్ అపాయింట్‌మెంట్ పెట్టమంటారా?” అన్నది. రివిజన్ అంటే మళ్లీ ఆపరేషన్. నా తిమ్మిరి గురించి మళ్లీ చెబితే, “అది న్యూరో వాళ్లకు చూపించండి” అని ముగించింది. ఆ రోజు ఆమె ‘బీ12 పరీక్ష చేయించారా’ అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఈ సమీక్ష ఇంకోలా ఉండేది. ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు. ఆమెకు ఎదురుగా ఉన్న తెర మీద నా బరువు గడి ఉంది గానీ నా రక్తం గడి లేదు. మూడేళ్ల తరువాత కూడా ఏడాదికి ఒకసారి బీ12, ఐరన్, డీ విటమిన్, కాల్షియం, పారాథైరాయిడ్ పరీక్షలు చేయించవలసిందని పిలిచి చెప్పే మనిషి ఆ వ్యవస్థలో ఎవరూ లేరు. నాకు ప్రతి ఉగాదికీ దీపావళికీ శుభాకాంక్షల సందేశం మాత్రం తప్పకుండా వచ్చేది.

చివరికి పరీక్ష చేయించమన్నది మా స్కూల్ సైన్స్ సారు. క్లాక్ టవర్ దగ్గరి ల్యాబ్‌లో రిపోర్టు తీసుకుని, అక్కడే మెట్ల మీద నిలబడి చదివాను: బీ12 115. రెండు వందల కంటే కింద ఉంటేనే లోపం అంటారు. ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తరువాత వారానికి ఒకటి, ఇప్పుడు నెలకు ఒకటి. చేతుల్లో పట్టు తిరిగి వచ్చింది. ఎడమ పాదం బొటనవేలు మాత్రం ఇప్పటికీ చలికాలంలో నాది కానట్లు ఉంటుంది. ఆలస్యమైతే నరం పూర్తిగా తేరుకోదని చెప్పారు.

మాత్రల విషయంలో మన మెడికల్ షాపులతో జాగ్రత్తగా ఉండాలి. కాల్షియంలో కార్బొనేట్, సిట్రేట్ అని రెండు రకాలు ఉన్నాయి. కార్బొనేట్ కరగడానికి జీర్ణాశయంలో ఆమ్లం కావాలి. చిన్న గొట్టం ఉన్నవారికి, పైగా నాలాగా గ్యాస్ మాత్ర వాడేవారికి, ఆ ఆమ్లం తక్కువ కాబట్టి సిట్రేట్ వాడమంటారు. చీటీలో సిట్రేట్ అని రాసి ఉన్నా షాపు అతను కార్బొనేట్ డబ్బా తీసి చేతిలో పెట్టి, “ఇది కూడా కాల్షియమే మేడం, పెద్ద కంపెనీది” అన్నాడు. రెండేళ్లు అదే వాడాను. రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియాన్ని ఒకేసారి కాకుండా రెండు మూడు సార్లుగా వేసుకోవాలని, ఐరన్ మాత్రకూ దానికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలని, ఐరన్ వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఆ మాత్ర వేసుకోనట్లేనని కూడా తరువాతే తెలుసుకున్నాను. ఇప్పుడు వంటింటి కిటికీలో మూడు స్టీలు డబ్బాలు పెట్టుకున్నాను. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి.

ఎముకల విషయంలో నల్లగొండ జిల్లా వారు ఒక అదనపు సంగతి గమనించాలి. మా అత్తగారి ఊరు మర్రిగూడ మండలంలో ఉంది. మా అత్తమ్మ నడుము వంగిపోయినది వయసు వల్ల కాదు, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల వల్ల. నేను కూడా పెళ్లైన కొత్తలో అయిదేళ్లు ఆ నీళ్లు తాగాను. ఈ ఆపరేషన్ తరువాత ఎముకల సాంద్రత తగ్గే అవకాశం ఉన్నందున డెక్సా స్కాన్ తీయిస్తే, నాది మామూలు కన్నా బాగున్నదని వచ్చింది. సంబరపడుతూ వెళితే ఎముకల డాక్టరు గారు నవ్వలేదు. ఫ్లోరైడ్ పేరుకున్న ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుందనీ, అంతమాత్రాన గట్టిగా ఉన్నట్లు కాదనీ, కాబట్టి ఆ అంకెను నమ్ముకుని డీ విటమిన్ మానవద్దనీ చెప్పారు. హైదరాబాద్ ఆసుపత్రిలో నన్ను ఏ ఊరి నీళ్లు తాగారని ఎవరూ అడగలేదు.

ఐదో ఏడు నుంచి మరొక ఇబ్బంది మొదలైంది. రాత్రి పడుకుంటే పుల్లని నీళ్లు గొంతులోకి ఎగదన్నడం. స్లీవ్ చేయించుకున్నవారిలో ఇది తక్కువేమీ కాదు. జీర్ణాశయం ఇరుకైన గొట్టంగా మారి లోపల ఒత్తిడి పెరగడం వల్ల ఆమ్లం పైకి వస్తుంది. నొప్పి ఉన్నా లేకపోయినా, స్లీవ్ అయిన ఏడాది తిరిగాక ఒకసారి, అటుపైన రెండు మూడేళ్లకు ఒకసారి ఎండోస్కోపీ చేయాలని అంతర్జాతీయ సర్జన్ల సంఘం ఇఫ్సో 2020లోనే చెప్పింది. నాకు మొదటి ఎండోస్కోపీ జరిగినది ఆరో ఏట, నేను అడిగితే. అన్నవాహిక అడుగున కొద్దిపాటి పుండు ఉంది. ఇప్పటికి మాత్రతోనూ, రాత్రి ఏడు గంటలకే భోజనం ముగించడంతోనూ నెట్టుకొస్తున్నాను. అదుపు తప్పితే బైపాస్‌గా, అంటే జీర్ణాశయం పై భాగాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్‌గా, మార్చవలసి ఉంటుందని చెప్పారు. ఆపరేషన్‌కు ముందే గుండెమంట ఎక్కువగా ఉన్నవారు స్లీవ్‌కు ఒప్పుకునే ముందు ఈ ఒక్క విషయం గట్టిగా అడిగి తెలుసుకోవాలి.

బైపాస్ తేలికైనదని కాదు. మా వదినగారి తమ్ముడు జడ్చర్లలో ఎరువుల వ్యాపారం చేస్తాడు. ఆయన 2016లో బైపాస్ చేయించుకున్నాడు. ఆయన షుగర్ నాకన్నా బాగా అదుపులో ఉంది గానీ రక్తహీనత వదలడం లేదు. మోకాలు నొప్పికి ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర వారానికి రెండు నొప్పి ఇంజెక్షన్లు వేయించుకుని, పేగు కలిపిన చోట పుండు పడి, నల్లని విరేచనాలతో మహబూబ్‌నగర్ ఆసుపత్రిలో చేరాడు. బైపాస్ అయినవారు ఆ రకం నొప్పి మందులు జన్మంతా దూరంగా పెట్టాలని ఆయనకు ఒకసారి చెప్పారట. ఆర్‌ఎంపీకి ఎవరు చెబుతారు? వాంతులు రోజుల తరబడి తగ్గకపోతే బీ1 విటమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు బాటిల్ ఎక్కించడం మెదడుకే ప్రమాదమన్న సంగతి కూడా అటువంటిదే. మన పల్లెల్లో నీరసమనగానే ముందు ఎక్కించేది ఆ బాటిలే. కల్లు గురించి కూడా ఆయనే నాతో అన్నాడు. ఇదివరకు తాటివనంలో కూర్చుంటే మూడు ముంతలు తాగినా నిలకడగా లేచేవాడట. ఇప్పుడు ముంతలో సగానికే తలకెక్కుతోందని, తొందరగా ఎక్కుతోంది కాబట్టి తొందరగా మళ్లీ కావాలనిపిస్తోందని చెప్పాడు. బైపాస్ తరువాత మద్యం వేగంగా రక్తంలో కలుస్తుందని, రెండో ఏడు నుంచి అలవాటు ముదిరే ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. ఆయన ఫైలులో ఆ మాట లేదు.

చర్మం గురించి రెండు ముక్కలు. నలభై కిలోలు దిగిన తరువాత పొట్ట మీద, చేతుల కింద చర్మం వేలాడుతుంది. నల్లగొండ ఎండల్లో మడతల కింద చెమటకాయలు, ఒరుపులు. ప్రకాశం బజారులో నా జాకెట్లు కుట్టే ఆమె ఐదుసార్లు కుట్లు లోపలికి తీసుకుంటూ వచ్చి, ఐదోసారి చేతిలో జాకెట్ పట్టుకుని, “ఇంక లోపల గుడ్డ లేదమ్మా, కొత్తది కుట్టించుకో” అన్నది. ఈ ఎనిమిదేళ్లలో నేను మనసారా సంతోషించిన రోజుల్లో అది ఒకటి. చర్మం తీయించుకునే ఆపరేషన్‌కు లక్షల్లో చెప్పారు, మానుకున్నాను.

షుగర్ తిరిగి వచ్చిందా అని చాలామంది అడుగుతారు. ఆరో ఏట 6.6కి వచ్చింది, రోజుకు ఒక మెట్‌ఫార్మిన్ మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. అది కూడా బీ12ను తగ్గించేదే కాబట్టి ఇంజెక్షన్ మానే వీలు లేదు. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్ అయిన రెండేళ్లకు 72 శాతం మందిలో షుగర్ మాయమైనా, పదిహేనేళ్లకు అలా మిగిలినవారు 30 శాతమే. అక్కడ చేసినవి ఎక్కువగా పాతకాలపు పద్ధతులు. అయినా షుగర్ శాశ్వతంగా పోతుందని హోర్డింగుల మీద రాసేవారు ఆ రెండో అంకె కూడా రాయాలి. అదే అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయన్నదీ నిజమే. నా మటుకు నాకు, ఒక మాత్రతో 6.6 అన్నది, ఇన్సులిన్‌తో 9.1 కన్నా చాలా మేలు. బీపీ మాత్ర మళ్లీ ముట్టలేదు. రాత్రి నిద్ర పడుతుంది.

ఇప్పుడు నా ఫాలో-అప్ నేనే కట్టుకున్నాను. నల్లగొండలో ఒక ఫిజీషియన్ గారికి ఆపరేషన్ సమ్మరీ కాగితం నకలు ఇచ్చి, ఫైలు మీద పెద్ద అక్షరాలతో ‘స్లీవ్, 2017’ అని రాయించాను. ప్రతి మే నెలలో ల్యాబ్‌లో పూర్తి పరీక్షలు. మూడు నాలుగు వేలు అవుతుంది. ఏడాదికి ఒకసారి హైదరాబాద్‌లో సర్జన్ గారిని కలుస్తాను. 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవారికి టికెట్ లేదు కాబట్టి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ దాకా ప్రయాణం ఉచితం. ఫాలో-అప్ మాత్రం జీవితకాలపు ఉచితం అయినా కన్సల్టేషన్ ఫీజు ఎనిమిది వందలు కట్టాలి. అట్టమీద మాటలో కన్సల్టేషన్ కలవదట.

2025లో మౌంజారో వంటి వారానికొక ఇంజెక్షన్ మన దగ్గరకు వచ్చిన తరువాత, ఆపరేషన్ ఇంకా ఎందుకని అడిగేవారు ఎక్కువయ్యారు. ఆ మందు ఆపితే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది కాబట్టి అది కూడా ఏళ్ల తరబడి నడిచే బేరమే. నెలనెలా ఖర్చు ఉంటుంది. తిరిగి పెరిగిన పదకొండు కిలోల కోసం నాకు కూడా సూచించారు. నేను ముందు నాలుగు గంటల చాయ్ పక్కన బిస్కెట్లు మానేసి చూస్తున్నాను.

నక్షత్రాలు ఇవ్వాలంటే, ఆపరేషన్‌కు నాలుగు. మళ్లీ ఆ 2017 మే నెలకు వెళ్లినా చేయించుకుంటాను, కాకపోతే గుండెమంట సంగతి ముందే అడుగుతాను. సర్జన్ గారి చేతికి ఐదు. జీవితకాల ఫాలో-అప్ అనే సేవకు ఒకటి, అది కూడా మొదటి ఏడాది ఫోన్ చేసిన డైటీషియన్ కోసం.

గత నెల మా బడిలో తోటి టీచరు తన కూతురికి ఈ ఆపరేషన్ చేయించాలనుకుంటున్నామని, ఏం అడగాలో చెప్పమని వచ్చింది. నా పాత ఫొటో, కొత్త ఫొటో చూపించమంటుందనుకున్నాను. నేను ఆమెకు 115 అని ఉన్న ల్యాబ్ రిపోర్టు ఇచ్చి, ఆరో సంవత్సరంలో మీ అమ్మాయికి బీ12 పరీక్ష చేయించమని గుర్తుచేసేది ఎవరో వారి పేరు, నంబరు రాసి ఇవ్వమని అడగమన్నాను. ఆమె వెళ్లి అడిగింది. కనుక్కుని చెబుతామన్నారట. మూడు వారాలైంది, ఇంకా చెప్పలేదు.